ఊరికే ఆడుకుంటోంది అనే ముందు

మా పాపకి 20 నెలలున్నప్పటి మాట. ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గర కింద కూర్చుని ఒక డబ్బా, మూడు మూతలు ముందేసుకుంది. ఆ మూతల్లో ఒకటి డబ్బాది, ఒకటి దానికంటే పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద మూత పెట్టి తీసింది. చిన్న మూత పెట్టింది, అది లోపలికి జారిపోయింది. చెయ్యి పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. ఎంతసేపటికీ అసలు మూత జోలికే పోవడం లేదు. ఉండబట్టలేక "అది కాదమ్మా, ఇదిగో ఇది" అంటూ వంగి, సరైన మూత తీసుకుని టక్కున బిగించాను. "చూశావా?" అని కూడా అన్నాను.

చూసింది. డబ్బా వంక ఒకసారి, నా వంక ఒకసారి. తర్వాత లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఏడవలేదు, అలగలేదు. ఆ ఆట అక్కడితో అయిపోయింది, అంతే. పావుగంట నుంచి తల ఎత్తకుండా కూర్చున్న పిల్ల నా ఒక్క మాటతో ఎందుకు లేచిపోయిందో నాకు అర్థం కాలేదు. సాయం చేశాననే అనుకున్నాను మరి.

మర్నాడు అదే డబ్బా, అవే మూతలు అదే చోట పెట్టి, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాను. చేతిలో ఖాళీగా ఉన్న పాత నోట్‌బుక్ ఒకటి. చాలాసేపటికి వచ్చింది. పెద్ద మూత డబ్బా మీద పెట్టి అరచేత్తో నొక్కింది. అది దిగలేదు. తీసేసింది. చిన్న మూత పెట్టింది, లోపల పడి ఠంగుమంది. తల వంచి డబ్బాలోకి తొంగిచూసింది. తీసి మళ్ళీ వేసింది, మళ్ళీ తొంగిచూసింది. నేను లెక్కపెట్టినంతలో 17 సార్లు. మధ్యలో ఒకసారి పెద్ద మూతని నిలువుగా పట్టుకుని దూర్చాలని చూసింది. దూరకపోయేసరికి దాన్ని పక్కన పెట్టి మళ్ళీ చిన్నదాని దగ్గరికే వచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు. ఆ పిల్ల మూత బిగించే ప్రయత్నమే చేయడం లేదు. ఏది లోపలికి పోతుంది, ఏది పోదు, పోయినది ఎక్కడికి పోతుంది, తిరిగి అక్కడే దొరుకుతుందా? తను చూసుకుంటున్నది ఇవి. నేను ముందురోజు చూపించిన సరైన మూత తను అడగని ప్రశ్నకి జవాబు. పైగా ఆ జవాబుతో తను అడుగుతున్న ప్రశ్న మూతపడిపోయింది. మూత బిగించేశాక ఇంక లోపలికి వెయ్యడానికి ఏముంది?

అప్పటిదాకా ఎవరైనా ఫోన్ చేసి "పాప ఏం చేస్తోంది?" అంటే "ఏం లేదు, ఊరికే ఆడుకుంటోంది" అనేదాన్ని. మనందరి నోట్లో నానిన మాటే అది. ఆ రోజు నుంచి ఆ 'ఊరికే' నాకు గొంతులో అడ్డం పడుతోంది. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఒకటే: చిన్నపిల్లల ఆట దగ్గర పెద్దవాళ్ళు చేయాల్సిన మొదటి పని చూడటం. నేర్పడం, సరిదిద్దడం, మెచ్చుకోవడం, ప్రశ్నలడగడం అన్నీ దాని తర్వాతే. చాలాసార్లు వాటి అవసరమే రాదు. చూడకుండా చేసే సాయం చాలావరకు అడ్డమే అవుతుంది.

నేను టీచర్ని కాను, డాక్టర్ని కాను. రోజుకి పది నిమిషాలు, కుదిరినప్పుడు ఇంకాస్త ఎక్కువ, ఇద్దరు పిల్లల ఆటని ఆరేళ్ళుగా రాసుకుంటున్న తల్లిని. రాసుకుంటూ పోతుంటే ఈ పని నాకంటే ముందు ఎవరెవరు చేశారో తెలుసుకోవాలనిపించింది. వెతికి చదివాను.

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేద కుటుంబాల పిల్లల కోసం ఒక బడి తెరిచింది. స్వతహాగా డాక్టర్ కాబట్టి, రోగిని గమనించినట్టే పిల్లల్నీ గమనించడం ఆమె అలవాటు. మూడేళ్ళ పిల్ల ఒకతి చెక్క దిమ్మలోని గుంటల్లోంచి రకరకాల సైజుల బిళ్ళలు తీసి, మళ్ళీ వాటి వాటి గుంటల్లో పెడుతూ కనిపించింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మాంటిస్సోరి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న పిల్లలతో పాటలు పాడించింది. ఆ పిల్ల కూర్చున్న కుర్చీని పిల్లతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది. పిల్ల దిమ్మని ఒళ్ళో పెట్టుకుని తన పని తను చేసుకుపోయింది. 40 సార్లకి పైగా చేశాక తనంతట తనే ఆపి, నిద్ర లేచినట్టు, హాయిగా చుట్టూ చూసిందట.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా పాప 17 సార్ల దగ్గర ఆపిందా, నా కదలికలకి ఆగిందా? ఎప్పటికీ తెలియదు. చేసిందే చేస్తున్న పిల్లని చూసి మనకి విసుగొస్తుంది. మన విసుగుని పిల్ల విసుగు అనుకుని ఇంకో బొమ్మ చేతిలో పెడతాం. కానీ ఒకసారి ముఖం చూడండి. కింది పెదవి కాస్త ముందుకొచ్చి ఉంటుంది, కళ్ళు చేతులమీదే ఉంటాయి, ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తుంది. విసుగొచ్చిన ముఖం అలా ఉండదు.

స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లలనీ పుట్టినప్పటి నుంచి ఇలాగే చూసి రాసుకున్నాడు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందన్న దాని గురించి ఈ వందేళ్ళలో జరిగిన చర్చలో సగం ఆ రాతల నుంచి పుట్టిందే. వాటిలో ఒకటి నాకు చాలా ఇష్టం. ఆయన పెద్ద కూతురికి ఏడాది మూడు నెలల వయసు. అంచుకి కుచ్చులున్న ఒక గుడ్డ కంటబడింది. ఆ కుచ్చులు తన దిండు అంచులా ఉన్నాయి. వెంటనే గుడ్డని పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, మధ్యమధ్యలో రెప్పలు వేస్తోంది, పడీపడీ నవ్వుతోంది. నిద్రపోవడం లేదు. నిద్రపోతున్నట్టు ఆడుతోంది.

మన భాషలో దీనికి ఎంత చక్కటి మాటుందో. ఉత్తుత్తి. ఉత్తుత్తి నిద్ర, ఉత్తుత్తి ఏడుపు, ఉత్తుత్తి దెబ్బ. నిజం కాదని ఇద్దరికీ తెలుసు, అయినా ఇద్దరూ ఒప్పుకుంటారు. అబద్ధానికీ ఉత్తుత్తికీ తేడా మూడేళ్ళ పిల్లకి మనకంటే బాగా తెలుసు.

ఇందులో అంత గొప్పేముంది అంటారా? గుడ్డ దిండు కాదు. అయినా కాసేపు దిండుకి బదులుగా నిలబడింది. ఒక వస్తువు ఇంకో వస్తువుకి బదులుగా నిలబడగలదన్న ఈ చిన్న సంగతి తెలియకపోతే మాట లేదు, అక్షరం లేదు, అంకె లేదు. 'కుక్క' అన్న మాట మొరగదు, కరవదు. కాగితం మీది 5లో ఐదు వస్తువులేమీ ఉండవు. సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో కర్ర గుర్రం గురించి ఇదే చెప్పాడు. పిల్లవాడు కర్రని గుర్రం చేసుకున్నాడంటే, గుర్రం అనే అర్థాన్ని నిజం గుర్రం నుంచి విడదీయడానికి ఆ కర్రని ఊతగా పట్టుకున్నాడు. అయితే ప్రతిదీ గుర్రం అయిపోదు. కర్ర మీద స్వారీ చేయొచ్చు, అగ్గిపుల్ల మీద చేయలేడు. మొదట్లో వస్తువుకి ఆ మాత్రం పోలిక కావాలి. మా పాప రెండేళ్ళు నిండకముందు పాత ఫోన్ ఇస్తేనే చెవి దగ్గర పెట్టుకునేది. రెండేళ్ళు దాటాక దువ్వెన ఫోనైంది. మూడేళ్ళకి ఉత్త అరచెయ్యి చాలు. నాలుగేళ్ళకి చెయ్యి కూడా అక్కర్లేదు, "నేను ఫోన్‌లో ఉన్నాను, మాట్లాడకండి" అంటే సరి. నోట్‌బుక్ వెనక్కి తిప్పుతుంటే ఆ నాలుగు మెట్లూ ఒకదాని కింద ఒకటి నా దస్తూరీలోనే కనిపించాయి. రాసుకోకపోయి ఉంటే అవి మెట్లని నాకు తెలిసేది కాదు.

ఉత్తుత్తి ఆటలో ఇంకొకటి కూడా బయటపడుతుంది, అది తల్లిదండ్రులకి కాస్త ఇబ్బందే. ఒకరోజు పాప తన బొమ్మకి స్నానం చేయిస్తోంది. లేని నీళ్ళలో చెయ్యి పెట్టి వేడి చూసింది. లేని చెంబుతో తలమీద పోస్తూ "అయిపోయింది అయిపోయింది అయిపోయింది" అంటోంది. బొమ్మ ఏడుస్తున్నట్టుంది పాపం, ఉన్నట్టుండి గొంతు మార్చి "ఏయ్, ఇంక చాలు!" అని గట్టిగా అరిచింది. ఆ గొంతు నాది. విరుపుతో సహా నాదే. తర్వాత బొమ్మని తుడిచి, భుజాన వేసుకుని, వీపు మీద చాలాసేపు నిమురుతూ కూర్చుంది. ఆ అరుపు తనలో ఎక్కడ నిలిచిపోయిందో, దాన్ని ఆటలో ఎలా సర్దుకుంటోందో కళ్ళారా చూశాను. "అమ్మ అరిస్తే నీకు భయమేస్తుందా?" అని నేను అడిగి ఉంటే ఆ వయసులో జవాబు చెప్పగలిగేదా? ఆటలో చెప్పింది. వినడానికి నేను అక్కడ ఉండటం నా అదృష్టం.

క్రమశిక్షణ గురించి తల్లిదండ్రులందరికీ టెన్షనే. వాడు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోడు, చెప్పిన మాట వినడు అని. పాప వెళ్ళిన ప్లేస్కూల్‌లో వారానికి ఒకరోజు తల్లిదండ్రులు ఒక మూల కూర్చుని చూడొచ్చు. అక్కడ ఒక బాబు ఉండేవాడు, వృత్తంలో కూర్చోమంటే అర నిమిషంలో లేచిపోయేవాడు. ఒకరోజు నలుగురు పిల్లలు కుర్చీలు వరసగా వేసి బస్సు ఆట మొదలుపెట్టారు. ఈ బాబు డ్రైవర్. కాసేపటికి లేవబోయాడు. వెనక కుర్చీలోని పిల్ల "డ్రైవర్ లేస్తే బస్సు గుద్దుకుంటుంది!" అని అరిచింది. వాడు టక్కున కూర్చున్నాడు. గోడ గడియారం చూసి రాసుకున్నాను, 11 నిమిషాలు. లేని స్టీరింగ్ తిప్పుతూ, ఒక్కసారి కూడా లేవకుండా.

ఇది ఆ ఒక్క పిల్లవాడి విషయం కాదు. 1948లో మనుయిలెంకో అనే సోవియట్ పరిశోధకురాలు దీన్నే పరీక్షించింది. ఊరికే కదలకుండా నిలబడమంటే పిల్లలు ఎంతసేపు నిలబడతారు, కాపలా సిపాయి ఆటలో సిపాయిగా ఎంతసేపు నిలబడతారు అని. ముఖ్యంగా నాలుగైదేళ్ళ పిల్లలు సిపాయిగా ఉన్నప్పుడే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో పిల్లవాడు తనకంటే ఒక తల ఎత్తు ఎక్కువగా ఉంటాడని అంతకుముందే వైగాట్‌స్కీ అన్నది దీని గురించే. ఆట అంటే ఇష్టమొచ్చినట్టు చేయడం అనుకుంటాం. కానీ డ్రైవర్ అయ్యాక ఇష్టమొచ్చినట్టు లేవడానికి లేదు, డాక్టర్ అయ్యాక ఏడవడానికి లేదు. ఆ కట్టుబాటు ఎవరో పైనుంచి వేసింది కాదు, వాళ్ళే వేసుకున్నది, అందుకే నిలబడుతుంది. ఆ బాబుకి 'కూర్చోవడం రాదు' అని అందరం తీర్మానించేశాం. వచ్చు. కూర్చోవడానికి ఒక కారణం కావాలంతే.

ఇక కలిసి ఆడటం సంగతి. "మావాడు ఎవరితోనూ కలవడండీ, పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు" అని బాధపడే అమ్మలు నాకు చాలామంది తెలుసు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఐదేళ్ళలోపు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకుంటుంటే ఒక్కొక్కరినీ ఒక్కో నిమిషం చొప్పున, ఎన్నోసార్లు గమనించి తను చూసినదాన్ని ఆరు రకాలుగా విడగొట్టింది. ఏమీ చేయకుండా ఉండటం, ఒంటరిగా ఆడటం, పక్కనుంచి చూడటం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడటం, కలగలిసి ఆడటం, ఒక పథకం ప్రకారం పనులు పంచుకుని ఆడటం. పక్కనుంచి చూడటాన్ని ఆమె లోపంగా రాయలేదు, ఆటలో పాల్గొనే పద్ధతుల్లో ఒకటిగానే రాసింది. ఇవి ఒకటెక్కి ఇంకోటి దాటే మెట్లు కూడా కాదని తర్వాత గమనించినవాళ్ళు చెప్పారు. 1980లో మూడేళ్ళ పిల్లల్ని చూసిన పరిశోధకులకి, పక్కపక్కన ఆడటం చాలాసార్లు గుంపులోకి వెళ్ళే ముందు వేసే అడుగుగా కనిపించింది. వాడు ఊరికే పక్కన ఇసుక తవ్వుకోవడం లేదు, లోపలికి దారి చూసుకుంటున్నాడు. ఆ సమయంలో మనం వెళ్ళి "వీణ్ణి కూడా ఆడించుకోండమ్మా" అని గుంపులోకి తోస్తే ఆ దారి మూసుకుపోతుంది.

పిల్లలకి ఈ సంగతి పరిశోధకులకంటే ముందే తెలుసు. ఆటలో అరటిపండు అని వాళ్ళే ఒక హోదా కనిపెట్టుకున్నారు. చిన్నవాడు పరిగెత్తొచ్చు, అరవొచ్చు, దొరికినా దొంగ కాడు, లెక్కలోకి రాడు. పెద్దయ్యాక ఆ మాటని మనం ఎగతాళికి వాడుతున్నాం కానీ, ఓడిపోయే భయం లేకుండా ఆట మధ్యలో ఉండి నియమాలు నేర్చుకునే అవకాశం అది. దాన్ని ఏ పెద్దవాళ్ళూ రూపొందించలేదు.

మా మామయ్యగారు మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. నేను నోట్‌బుక్ పట్టుకుని గమ్మున కూర్చోవడం ఆయనకి నచ్చేది కాదు. "మొక్కై వంగనిది మానై వంగునా అమ్మా. ఈ వయసులోనే నేర్పాలి. రంగులు అడుగు, అంకెలు అడుగు" అనేవారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఆయన మాట తీసెయ్యలేను కూడా, ఈ వయసులో నేర్చుకున్నది చాలా లోతుగా నిలుస్తుందన్నది నిజమే. నా పేచీ 'వంచడం' దగ్గరే. పాప ఎర్ర బ్లాకు, పచ్చ బ్లాకు పట్టుకుని గోడ కడుతుంటే "ఇది ఏ రంగు?" అని అడిగారనుకోండి. తను గోడ ఆపి, తల ఎత్తి, మన పరీక్షకి జవాబు చెప్పి, మళ్ళీ గోడలోకి వెళ్ళాలి. మూడో ప్రశ్నకి ఇంక వెళ్ళదు. రంగు మనకి తెలుసు, తనకి తెలుసని కూడా మనకి తెలుసు. మరి ఆ ప్రశ్న ఎవరి కోసం?

2011లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి మామయ్యగారికి చెప్పాను. ఒక కొత్త బొమ్మ, దానిలో నాలుగు తమాషాలు దాగి ఉన్నాయి. కొందరు పిల్లలకి "ఇది ఎలా పనిచేస్తుందో చూపిస్తాను" అని ఒక గొట్టం లాగి కీచుమనిపించి చూపించారు. ఇంకొందరి ముందు అనుకోకుండా చెయ్యి తగిలి కీచుమన్నట్టు నటించారు. తర్వాత బొమ్మని పిల్లలకి ఇచ్చేశారు. నేర్పించుకున్న పిల్లలు ఎక్కువగా ఆ కీచునే చేస్తూ ఉండిపోయారు, మిగతావి తక్కువ కనిపెట్టారు. రెండోవాళ్ళు బొమ్మంతా గాలించారు. ఇందులో పిల్లల తెలివితక్కువేమీ లేదు. తెలిసిన పెద్దమనిషి ఇంతే చూపించాడంటే ఇంక చూపించడానికి ఏమీ లేదన్నమాట అని వాళ్ళు లెక్కేసుకున్నారు. నేర్పడానికి అంత బలం ఉంది కాబట్టే దాన్ని ఎప్పుడు వాడాలో ఆలోచించాలి అంటాను నేను.

మెచ్చుకోలు సంగతీ అంతే. 1973లో బొమ్మలు గీయడం ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల్లో కొందరికి "గీస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. వారం రెండు వారాల తర్వాత చూస్తే వాళ్ళు తమంతట తాము గీస్తూ గడిపే సమయం, బహుమతి ఊసే లేని పిల్లలు గడిపినదాంట్లో దాదాపు సగమే ఉంది. నేను "వావ్, సూపర్!" అనడం తగ్గించేశాను. పాప బ్లాకులు పేర్చి నా వైపు తిరిగితే, చూసినదే చెబుతాను: "పొడుగుది అడ్డంగా పెట్టావు." తను తల ఊపి మళ్ళీ పనిలో పడుతుంది. ఇక్కడే ఇంకో మాట, దయచేసి ఫోన్ తీయకండి. వీడియో తీస్తున్నారని తెలిసిన మరుక్షణం పిల్ల ఆడటం మానేసి ఆడి చూపించడం మొదలుపెడుతుంది.

బ్లాకుల మాట వచ్చింది కాబట్టి నా నోట్‌బుక్‌లో నాకు అన్నిటికంటే విలువైన పేజీ గురించి చెప్పాలి. పాపకి మూడేళ్ళ రెండు నెలలు. రెండు చెక్క బ్లాకులు నిలువుగా, ఎడంగా నిలబెట్టింది. మూడోది వాటిమీద అడ్డంగా పెట్టబోయింది. అందలేదు, మధ్యలోంచి కింద పడింది. అదే బ్లాకు మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. వేరే బ్లాకు తెచ్చింది. అదీ అంతే పొడుగు. పడింది. నా చెయ్యి దానంతటదే లేచింది, రెండో చేత్తో పట్టుకుని ఆపుకున్నాను. నిజంగానే. పాప కాలితో ఒక స్తంభాన్ని తన్నేసి, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. అయిపోయిందనుకున్నాను. తిరిగొచ్చింది. ఈసారి అడ్డం బ్లాకుని ముందు నేలమీద పడుకోబెట్టింది. దాని ఈ చివర ఒక స్తంభం, ఆ చివర ఒక స్తంభం తెచ్చి ఆనించి నిలబెట్టింది. అప్పుడు మధ్యలో ఉన్నదాన్ని పైకెత్తి, స్తంభాల్ని వేలితో కొంచెం కొంచెం లోపలికి జరిపి, పైన పెట్టింది. నిలబడింది.

తను కొలిచింది! కొలత అనే మాట తనకి తెలియదు, స్కేలు ఎప్పుడూ చూడలేదు. పొడుగుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళొచ్చని తనంతట తను కనిపెట్టింది. నేను రెండు స్తంభాల్నీ దగ్గరికి జరిపి ఉంటే ఒక్క సెకనులో వంతెన తయారయ్యేది, కొలత మాత్రం తయారయ్యేది కాదు. హ్యారియెట్ జాన్సన్ అనే అమెరికన్ టీచర్ బ్లాకులతో పిల్లలు ఏ వరుసలో ముందుకెళతారో 1933లోనే రాసిపెట్టింది. మొదట కట్టడమే ఉండదు, ఊరికే అటూ ఇటూ మొయ్యడమే. తర్వాత వరసలు, గోపురాలు, ఆ తర్వాత వంతెన, ఆపైన చుట్టూ మూసిన ఆవరణలు, అలంకారాలు, చివరికి నిజమైన ఇళ్ళూ వీధులూ. మా ఇంట్లోనూ దాదాపు అదే వరుస. ఆ వంతెన సాయంత్రం మామయ్యగారు వచ్చి చూసి ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. రంగులు అడగడం పూర్తిగా మానలేదు, కానీ తగ్గింది.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆట ఆడిస్తే పిల్లల తెలివి ఇంత పెరుగుతుంది అని అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఖరీదైన బొమ్మల పెట్టెల మీద అదే రాసి ఉంటుంది. ఉత్తుత్తి ఆట వల్లే భాష, తెలివి, సృజన పెరుగుతాయన్న దానికి రుజువులు అంత గట్టిగా లేవని 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసిన పరిశోధకులే తేల్చారు. అందుకే ఆటని మందులా వాడమని నేను అనను. అసలు ఆ బేరమే నాకు నచ్చదు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందం 31వ అధికరణంలో ఆడుకోవడం పిల్లల హక్కు అని రాసుకున్నారు. ర్యాంకులొస్తాయి కాబట్టి హక్కు అని రాయలేదు. వంతెన పేజీ నాకు విలువైనది పాప ఇంజనీర్ అవుతుందని కాదు. ఒక మనసు పనిచేస్తుండగా పక్కన కూర్చుని చూశాను కాబట్టి. ఇక బొమ్మల సంఖ్యంటారా, అవి తక్కువ ఉంటేనే మేలు. నాలుగు బొమ్మలున్న గదిలో పసిపిల్లలు పదహారు బొమ్మలున్న గదిలో కంటే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ఒక అధ్యయనం చూపించింది. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు, సగం బొమ్మలు తీసి అటక మీద పెట్టండి.

చూడటం వల్ల ఇంకో మేలు ఉంది, దాన్ని కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. మా చుట్టాల్లో ఒక బాబు, రెండున్నరేళ్ళు. ఆటలో పడితే పిలిచినా పలకడు. "వాడికి ఆటే లోకం" అని అందరూ మురిసిపోయేవారు. వాళ్ళ అమ్మకి నా నోట్‌బుక్ పిచ్చి అంటుకుంది. వారం రోజులు రాసింది. వెనకనుంచి పిలిస్తే తిరగలేదు. ముందుకొచ్చి పిలిస్తే చూశాడు. తలుపు ధడాలున పడితే తిరిగాడు. గదిలో ఆట లేనప్పుడు కూడా వెనకనుంచి మెల్లగా పిలిస్తే తిరగలేదు. అంటే ఇది ఏకాగ్రత కాదేమో. ఆ కాగితాలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. పరీక్ష చేస్తే చెవి పొర వెనక నీరు చేరి వినికిడి తగ్గిందని తేలింది. చిన్నపిల్లల్లో ఇది మామూలుగా వచ్చేదే, చాలామందికి దానంతటదే పోతుంది, కొందరికి చికిత్స కావాలి. "ఎప్పుడు తిరుగుతాడు, ఎప్పుడు తిరగడు?" అని డాక్టర్ అడిగితే ఆమె దగ్గర జవాబు ఉంది.

అలాగే ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య పిల్లల్ని పరీక్షించేటప్పుడు డాక్టర్లు ఆట గురించి అడుగుతారు. ఉత్తుత్తి ఆటలు ఆడతాడా, నచ్చినదాన్ని వేలితో చూపించి మీ ముఖం వైపు చూస్తాడా అని. ఆటిజం ఉందేమోనని తొలి దశలో అడిగే ప్రశ్నావళుల్లో ఇవి ముఖ్యమైనవి. ఏ ఒక్క లక్షణమో పట్టుకుని ఇంట్లో కూర్చుని భయపడొద్దు, నిర్ణయించేయొద్దు. అనుమానమొస్తే వెళ్ళి అడగండి, చూసినది చెప్పండి. అది చాలు.

ఎలా రాసుకోవాలని కొందరు అడుగుతుంటారు. నాకు తెలిసిన కిటుకు ఒకటే. కళ్ళకి కనబడినది రాయండి, మీకు అనిపించినది కాదు. మొదట్లో నేను "ఇవాళ మొండి చేసింది" అని రాసేదాన్ని. ఆరు నెలల తర్వాత చదివితే ఆ మాటలో నా కోపం తప్ప పిల్ల లేదు. "మూడోసారి పడింది. కాలితో తన్నింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చింది" అని రాస్తే పిల్ల ఉంటుంది. 'మొండి' అని రాసిన రోజు ఇంకే వంతెన కథ నేను పోగొట్టుకున్నానో.

ఇప్పుడు పాప పెద్దదైంది, దాని ఆటల్లోకి నన్ను రానివ్వడమే తక్కువ. నోట్‌బుక్ దాని తమ్ముడి వంతు. వాడికి 16 నెలలు. 11 రోజులుగా ఒకటే పని. గుమ్మం దగ్గర చెప్పులు ఒక్కొక్కటే రెండు చేతులతో గుండెకి హత్తుకుని మోసుకొచ్చి, మంచం పక్కన బోర్లా పెడుతున్నాడు. ఎప్పుడూ బోర్లానే. ఎవరైనా తిరగేస్తే వచ్చి మళ్ళీ బోర్లిస్తాడు. జతలు పట్టించుకోడు. నాన్న చెప్పులు ముట్టుకోడు, బరువని కాదు, వాటికంటే బరువైన బూట్లు మోశాడు. ఎందుకో నాకు ఇంకా అంతుచిక్కలేదు. నిన్న ఆరు తెచ్చాడు. ఇవాళ ఎనిమిది.